రాత్రి రెండింటికి అక్కడ ఎవరుంటారు? – కుక్కల బోర్డింగ్ ఎంచుకోవడం మీద ఒక వెట్ ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారమండీ. వెనకదాకా వినపడుతోందా? సరే. కుక్కల్ని తీసుకురావద్దని నిర్వాహకులు ముందే చెప్పారంట, అయినా ఆ కిటికీ పక్కన ఒకాయన తెచ్చేశారు, పర్లేదండి ఉండనివ్వండి, ఈ హాల్లో ఫోన్ చూడకుండా కూర్చున్నది అదొక్కటే. (నవ్వులు)

నేను వెట్‌ని, అంటే కుక్కల డాక్టర్‌ని. మీరు ఊరెళ్ళేటప్పుడు కుక్కని వదిలి వెళ్తారే, ఆ బోర్డింగ్ సెంటర్ నడపను, ఏ సెంటర్ పేరూ చెప్పను, చివర్లో వచ్చి పక్కకి పిలిచి అడిగినా చెప్పను. నాకు ఈ విషయంలో ఉన్న అనుభవం ఏంటంటే రెండు చివర్లూ నేనే చూస్తాను. ఊరెళ్ళే ముందు టీకా కార్డు పట్టుకుని పరిగెత్తుకుంటూ వస్తారు, "డాక్టర్ గారూ రేపు పొద్దున వదలాలి, కావాల్సిన ఇంజెక్షన్లన్నీ ఇవాళే వేసెయ్యండి" అని. తిరిగొచ్చాక మళ్ళీ వస్తారు, దగ్గుతోందనో, మోషన్స్ అవుతున్నాయనో, చెవుల్లో పిడుదులు కనపడ్డాయనో. మధ్యలో ఏం జరిగిందండీ అంటే ఫోన్ తీసి ఫొటోలు చూపిస్తారు. ఫొటోల్లో వాడు పచ్చగడ్డి మీద నాలుక బయటపెట్టి కూర్చుని ఉంటాడు. ఎన్ని గంటలకి తీశారో తెలీదు, ఆ తర్వాత వాణ్ణి ఎక్కడ పెట్టారో తెలీదు, రాత్రి ఎవరు చూశారో అసలు తెలీదు.

అందుకే నేను ఇవాళ చెప్పేదంతా ఒకే దాని చుట్టూ తిరుగుతుంది. సెంటర్ వాళ్ళు మీకు చూపించే భాగం ఎలాగూ బావుంటుంది, దాని గురించి అడగడానికి ఏం లేదు. మీకు కనపడని గంటలు ఉంటాయి చూశారా, రాత్రిళ్ళు, మధ్యాహ్నం స్టాఫ్ తిండికి వెళ్ళినప్పుడు, రద్దీ రోజుల్లో, కుక్కకి ఒంట్లో బాలేనప్పుడు, ఆ గంటల గురించి అడగాలి. ఎన్ని ప్రశ్నలడిగినా అక్కడికే రావాలి.

దానికన్నా ముందు ఇంకోటి. మీ కుక్క అసలు బోర్డింగ్‌కి పనికొస్తుందా? ఇది ఎవరూ అడగరు, నేరుగా సెంటర్ వెతకడం మొదలుపెడతారు. టీకాల కోర్సు పూర్తికాని పిల్లని, అంటే చివరి డోసు 16 వారాల వయసుకి అటూ ఇటుగా పడుతుంది కదా, అది పడకుండా పదిమంది కుక్కల మధ్య పెట్టకండి, ఎంత మంచి సెంటరైనా సరే. హీట్‌లో ఉన్న, అంటే ఎదకొచ్చిన ఆడకుక్కని చాలామంది తీసుకోరు, తీసుకుంటామన్న వాళ్ళని ఎక్కడ పెడతారు, మగవాటికి ఎంత దూరం అని గట్టిగా అడగండి, లేకపోతే 63 రోజులకి మీ ఇంట్లో బారసాల. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ నిజంగానే జరుగుతాయండీ. ఇంకా, మీరు పాలప్యాకెట్‌కి వెళ్ళొచ్చేలోపు తలుపు గీకి గోళ్ళ నుంచి రక్తం తెచ్చుకునే కుక్కలుంటాయి, ఒంటరిగా ఉండలేవు, వాటిని కొత్తచోట గదిలో పెట్టి తాళం వేస్తే కమ్మీలు కొరికి పళ్ళు విరగ్గొట్టుకుంటాయి. అలాంటి దానికి, బాగా ముసలిదానికి, మీ ఇంటికే వచ్చి ఉండే మనిషిని చూసుకోవడం మేలు, లేదా కుక్కకి ముందే బాగా అలవాటున్న చుట్టాలింట్లో. అందరికీ కుదరదు, తెలుసు. కానీ ముందు ఆ దారి చూసి, కుదరకపోతే ఇటు రండి.

సరే, బోర్డింగే అనుకున్నారు. ఫోన్ చేశారు. అందరూ మొదట రోజుకి ఎంత అని అడుగుతారు, తర్వాత ఏసీ ఉందా అని. మీరు మొదటి ప్రశ్న ఇది అడగండి: రాత్రి రెండు గంటలకి కుక్కలున్న చోట ఎవరుంటారు? జవాబు కొంచెం జాగ్రత్తగా వినాలి. "మా వాచ్‌మన్ ఉంటాడండీ" అంటారు, అతను గేటు దగ్గర ఉంటాడు, కుక్కలు లోపల వెనక బిల్డింగులో ఉంటాయి. "ఓనర్ పక్క వీధిలోనే ఉంటారు" అంటారు, ఆయన పక్క వీధిలో నిద్రపోతుంటాడు. "సీసీ కెమెరాలున్నాయండీ" అంటారు, కెమెరా రికార్డ్ చేస్తుంది గానీ లేచొచ్చి తలుపు తియ్యదు కదా. మనకి కావల్సిన జవాబు, "ఫలానా మనిషి లోపలే పడుకుంటాడు, శబ్దం అయితే లేస్తాడు, ఇన్ని గంటలకోసారి రౌండ్ వేస్తాడు, కుక్కకి ఏమన్నా అయితే బండి ఉంది, రాత్రిపూట తెరిచుండే హాస్పిటల్ ఇది" అని.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పెద్ద ఛాతీ ఉండే కుక్కలుంటాయి, గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, అలాంటివి. వాటికి కడుపు గాలితో ఉబ్బి మెలిపడిపోయే జబ్బు ఒకటుంది, మేం బ్లోట్ అంటాం. రాత్రి గబగబా కడుపు నిండా తిన్నాడు అనుకోండి. ఓ రెండు గంటలకి అటూ ఇటూ తిరుగుతుంటాడు, పడుకోలేడు, వాంతి చేసుకోబోతాడు కానీ ఏమీ రాదు, ఉత్త నురగ వస్తుంది, పొట్ట బిగుసుకుంటుంది. ఈ వాంతి రాకుండా ఓక్ ఓక్ అనడం ఉంది చూశారా, అది చూసిన మనిషి అప్పుడే బండెక్కిస్తే ఆపరేషన్ చేసి బతికించుకునే అవకాశం బాగానే ఉంటుంది. పొద్దున ఏడింటికి తాళం తీసినవాడు చూస్తే అప్పటికి అయిపోయి ఉంటుంది. ఇది గంటల్లో ప్రాణం తీసే జబ్బు, ఆ గంటలు సాధారణంగా రాత్రి తిండి తర్వాతే వస్తాయి. కాబట్టి ఏసీ సంగతి తర్వాత.

(సభలోంచి: మరి కేజ్ ఫ్రీ, బోనుల్లో పెట్టం అంటున్నారు కదండీ, అది మంచిదా?)

వస్తున్నా వస్తున్నా, దాని గురించి చాలా ఉంది.

ముందు వెళ్ళి చూడటం గురించి చెప్తా. చెప్పకుండా వెళ్ళాలి, అప్పుడే బండారం బయటపడుతుంది అని చాలామంది సలహా ఇస్తారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మంచి సెంటర్లు కూడా మధ్యాహ్నం కుక్కలు పడుకునే టైంలో కొత్తవాళ్ళని లోపలికి రానివ్వవు, ఒక్కడు లోపలికొస్తే అన్నీ లేచి గంటసేపు మొరుగుతాయి, అది న్యాయమైన కారణమే. టైం తీసుకునే వెళ్ళండి. కానీ వెళ్ళాక మీ కుక్క పడుకునే గది, ఆ గదే, చూపించమనండి. రిసెప్షన్ చూపించి, ఆటస్థలం చూపించి, స్విమ్మింగ్ పూల్ కూడా చూపించి, "లోపల హైజీన్ కోసం ఎవర్నీ రానివ్వమండీ" అన్నారంటే థాంక్స్ చెప్పి వచ్చెయ్యండి. పోనీ గాజు కిటికీలోంచైనా చూపించాలి. చూపించనిచోట వదలకండి, నాకు దీంట్లో మినహాయింపు లేదు.

లోపలికెళ్ళాక ఏం చూస్తారు? ముందు వాసన చూడండి. పది కుక్కలున్నచోట కుక్క వాసన ఉంటుంది, అది తప్పు కాదు. కళ్ళు మండేలా మూత్రం ఘాటు ఉందంటే గాలి ఆడట్లేదు, కడగట్లేదు అని. ఇంకో రకం ఉంది, గుమ్మంలోనే ఫినాయిలో సెంటో గుప్పుమని కొడుతుంది, మనవాళ్ళు అబ్బ ఎంత క్లీన్‌గా ఉందో అనుకుంటారు. ఆ వాసన శుభ్రానికి గుర్తు కాదండీ, పైగా ఆ గచ్చు మీదే కుక్క పడుకుని కాళ్ళు నాక్కుంటుంది.

శుభ్రం గురించి నిజంగా తెలుసుకోవాలంటే ఒక్క గది కడుగుతుండగా నిలబడి చూడండి. ఒకే ఒక్క గది. ముందు కుక్కని బయటికి తీశారా? మలం ఎత్తేశారా? సబ్బునీళ్ళతో రుద్దారా? ఆ తర్వాత క్రిమి మందు పోసి ఓ పది నిమిషాలు తడిగా వదిలేశారా? మళ్ళీ కడిగి ఆరాక కుక్కని లోపలికి పంపారా? ఈ వరస ఎందుకంటే పార్వో అని కుక్కలకి రక్త విరేచనాలు తెచ్చే ఒక వైరస్ ఉంది, మీలో చాలామందికి తెలుసు, 1978లో ప్రపంచమంతా పాకింది, అప్పట్నుంచీ మనల్ని వదల్లేదు. అది నేలలో నెలల తరబడి, కొన్నిచోట్ల ఏడాది దాటి కూడా బతుకుతుంది, మామూలుగా గచ్చు తుడిచే మందుల్లో చాలావాటికి చావదు. బ్లీచ్‌కి చస్తుంది, ఒక వంతు బ్లీచ్‌కి 30 వంతుల నీళ్ళు, కానీ మట్టీ మలం ఉండగా పోస్తే ఆ బ్లీచ్ వాటిమీదే ఖర్చయిపోతుంది, వైరస్ అలాగే ఉంటుంది. కాబట్టి కుక్క ఓ మూల వణుకుతూ నిలబడి ఉండగా పైపుతో నీళ్ళు కొట్టేసి, అదే మాప్‌తో పక్క గది తుడిచేస్తున్నారంటే అది కడగడం కాదు, ఒక గదిలో ఉన్నదాన్ని పది గదులకి పంచడం. నీళ్ళు ఎటు పోతున్నాయో కూడా చూడండి, ఒక గదిలో నీళ్ళు పక్క గదిలోంచి పారి కాలవలోకి వెళ్తున్నాయా, లేక ఎక్కడికక్కడే పోతున్నాయా. గిన్నెలు ఎక్కడ కడుగుతారో అడగండి. తిండి బస్తాలు మూతలేకుండా ఉన్నాయంటే ఎలకలొస్తాయి, ఎలకలొస్తే లెప్టో అనే జబ్బు వస్తుంది, అది కుక్కతో ఆగదు, మనకీ అంటుకుంటుంది.

గోడల పగుళ్ళు చూడండి, ఇది నవ్వులాట కాదు. కుక్కలకి పట్టే గోధుమరంగు పిడుదు ఇంట్లోనే గుడ్డుపెట్టి ఇంట్లోనే పెరిగి ఇంట్లోనే బతికెయ్యగలదు, ఒక్కో ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది, తిండి లేకపోయినా నెలలు ఆగుతుంది. గోడ సందుల్లో, గేటు బందుల దగ్గర దాక్కుంటాయి. టార్చ్ వేసి చూడండి, మొహమాటపడకండి. మీ కుక్కకి పిడుదుల మందు వదలడానికి ముందే పట్టించండి, వచ్చాక కాదు.

చెవులతో కూడా చూడాలి. కుక్కలన్నీ కలిసి మొరిగితే మూసిన గదిలో 100 డెసిబెల్స్ దాటిపోవడం మామూలే, వాటి వినికిడి మనకన్నా సున్నితం. మీరు లోపలికి వెళ్ళగానే మొరుగుతాయి, సహజం. ఓ ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా నిలబడండి. సద్దుమణిగితే మంచిది. ఏ మాత్రం తగ్గకుండా గిరగిరా తిరుగుతూ ఉన్నాయంటే అక్కడ వాటికి నిద్రలేదు. పెద్ద కుక్క కూడా రోజులో సగం నిద్రపోతుందండీ, నిద్రలేనిది చిరాకు పడుతుంది, చిరాకుపడ్డది కరుస్తుంది.

వేడి గురించి ఒక్క మాట. పగ్, బుల్‌డాగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు కుక్కలున్నవాళ్ళు, గదిలో వేడి ఎంతుందో మీకెలా తెలుస్తుంది అని అడగండి. థర్మామీటర్ ఉంటే ఏ ఎత్తులో పెట్టారో చూడండి, కుక్క ఎత్తులో ఉండాలి, మన తల ఎత్తులో కాదు. కరెంట్ పోతే ఏంటి అనేది కూడా. కుక్కకి ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, 41కి వచ్చిందంటే లోపల అవయవాలు దెబ్బతినడం మొదలైనట్టే, చప్పిడి ముక్కుది రొప్పి వేడి బయటికి పంపలేదు కాబట్టి ముందు అదే పడిపోతుంది.

ఇప్పుడు టీకాలు. మిమ్మల్ని టీకా కార్డు అడిగి విసిగించే సెంటర్ మంచి సెంటర్. "పర్లేదండీ తర్వాత వాట్సాప్ చెయ్యండి" అన్నవాళ్ళు మీ పక్కగది కుక్క వాళ్ళకీ అదే చెప్పి ఉంటారు, అది గుర్తుపెట్టుకోండి. రేబీస్, డిస్టెంపర్, పార్వో, లెప్టో, దాంతోపాటు కెన్నెల్ కాఫ్, అంటే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకునే దగ్గు. ఈ కెన్నెల్ కాఫ్ టీకా దగ్గరే అందరూ దొరికిపోతారు. ముక్కులో చుక్కలుగా వేసేదానికి రక్షణ రావడానికి కనీసం మూడు రోజులు పడుతుంది, సూది రకం అయితే మొదటిసారి రెండు డోసులు, మధ్యలో రెండు నుంచి నాలుగు వారాలు. రేపు పొద్దున వదలాలి అని ఇవాళ సాయంత్రం వస్తే కార్డు మీద స్టాంపు పడుతుంది గానీ కుక్క ఒంట్లో ఏమీ ఉండదు. టికెట్లు బుక్ చేసిన రోజే మా దగ్గరికి రండి.

ఇంకోటి, ఆ టీకా వేసినా దగ్గు రావచ్చు. అది ఒక్క క్రిమి వల్ల వచ్చేది కాదు, బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా ఉంది, పారాఇన్‌ఫ్లుయెంజా, ఎడినో అనే వైరస్‌లు ఉన్నాయి, ఇంకా ఉన్నాయి. టీకా వేస్తే వచ్చినా తేలిగ్గా పోతుంది, అంతే. కాబట్టి "మా దగ్గర ఇంతవరకూ ఒక్క కుక్కకీ దగ్గు రాలేదండీ" అనే సెంటర్‌ని నమ్మకండి, వాళ్ళు నిన్న మొన్న తెరిచుండాలి లేదా దాస్తుండాలి. "దగ్గిన కుక్క కనపడితే ఏం చేస్తారు" అని అడగండి. వేరే గదిలో పెడతాం, దానికి వేరే గిన్నె, చూసే మనిషి కూడా దాన్ని చివర్లో చూస్తాడు, ఆ కుక్క వాళ్ళకీ మిగతా కుక్కల వాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్తాం అన్నారంటే, వీళ్ళకి అది ఎదురైంది, దాంట్లోంచి నేర్చుకున్నారు అని. నేనైతే అక్కడే వదుల్తాను.

ఆ, కేజ్ ఫ్రీ. ఎవరండీ అడిగింది? మీరా. ఆ మాట వినడానికి హాయిగా ఉంటుంది. పగలు ఆడుకోవడానికి కలిపి వదలడం వేరు, రాత్రంతా పదిహేను కుక్కల్ని ఒకే హాల్లో వదిలి లైటార్పడం వేరు. రెండోది చేసేవాళ్ళు ఆ హాల్లోనే మనిషి మేలుకుని ఉంటాడని చూపించగలగాలి. లేకపోతే రాత్రి ఏ చిన్న గొడవైనా విడదీసేవాడు ఉండడు. తలుపున్న సొంత గది జైలు కాదండీ, చాలా కుక్కలకి అదే ఊపిరి పీల్చుకునే చోటు.

పగటి ఆట సంగతి కూడా చూడండి. గేటు ఒకటే ఉందా, ఒకదాని తర్వాత ఒకటి రెండు ఉన్నాయా? ఒక్క గేటు తీసిన క్షణంలో జారిపోయే కుక్కలు బోలెడు. చిన్నవాటినీ పెద్దవాటినీ కలిపి వదిలారా? ఒక మనిషి ఎన్నిటిని చూస్తున్నాడు? ఒకడికి పది, మహా అయితే పదిహేను, అంతకు మించితే వాడు చూస్తున్నాడు అని మనం అనుకోవడమే. మెడ పట్టీలు చూడండి. రెండు కుక్కలు ఆడుకుంటూ మెడ దగ్గర కొరుక్కుంటాయి కదా, ఒకదాని కింది దవడ రెండోదాని పట్టీలో ఇరుక్కుంటుంది. భయపడి రెండూ మెలితిరుగుతాయి, తిరిగేకొద్దీ పట్టీ బిగుసుకుంటుంది, నిమిషాల్లో ఊపిరాడదు. అందుకే ఆటలో మామూలు పట్టీలు తీసేస్తారు, లేదా లాగితే ఊడిపోయేవి వేస్తారు, పట్టీ కోసే కత్తెర అందుబాటులో పెట్టుకుంటారు. ఇది మీరు అడక్కుండానే చెప్పిన సెంటర్ ఉంటే వాళ్ళకి పని తెలుసు.

ఇంకో పని చెయ్యండి. ఓనర్‌ని కాదు, ఆ ఆటస్థలంలో బూట్లకి మట్టితో నిలబడి ఉంటాడే ఆ కుర్రాణ్ణి అడగండి, "బాబూ, ఆట పోట్లాట అవుతోందని నీకెలా తెలుస్తుంది?" అని. "వాటంతటవే సర్దుకుంటాయి సార్" అన్నాడంటే వద్దు. "ఒళ్ళు కర్రలా బిగిస్తది సార్, నోరు మూసేస్తది, ఒకటే తరుముతుంటే దాన్ని కాసేపు పట్టుకుని రెండోదాన్ని వదిలి చూస్తా, అది మళ్ళీ దీని దగ్గరికే వస్తే ఆటే, బెంచీ కిందకి దూరితే ఆపేస్తా" అన్నాడంటే, ఆ కుర్రాడు ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తున్నాడో, మీరు వదిలే రోజుల్లో ఉంటాడో లేదో కనుక్కోండి. నిజం చెప్పాలంటే మీరు ఆ కుర్రాడిని చూసి వదుల్తున్నారు, బోర్డుని చూసి కాదు. రద్దీ రోజుల్లో ఎవరెవర్నో తాత్కాలికంగా తెచ్చిపెడతారు, అప్పుడే మనమూ ఊళ్ళెళ్తాం, అది గుర్తుంచుకోవాలి.

ఫొటోల సంగతి మొదట్లో అన్నాను. రోజూ ఫొటో పంపిస్తారు, నోరు తెరిచి ఉంటే నవ్వుతున్నాడు అని స్టేటస్ పెడతారు. పెదాల చివర్లు వెనక్కి లాగేసి, కళ్ళ పక్క తెల్లగుడ్డు కనపడుతూ, చెవులు వెనక్కి పోయి రొప్పుతున్నాడంటే అది నవ్వు కాదు, టెన్షన్. ఫొటో కన్నా నాకు ఇంకోటి ఇష్టం. వాళ్ళు రాసుకునే షీటు. ఏ గది కుక్క ఎంత తింది, నీళ్ళు తాగిందా, ఎన్నిసార్లు వెళ్ళింది, ఎలా వెళ్ళింది, మందు ఎన్నింటికి వేశారు. పేర్లు కప్పేసి నిన్నటి షీటు చూపించమనండి. అన్ని గడుల్లో ఒకటే పెన్ను, ఒకటే చేతిరాత, "బాగా తిన్నాడు, బాగా తిన్నాడు, బాగా తిన్నాడు" అని పైనుంచి కిందదాకా ఉందంటే సాయంత్రం ఒకడు కూర్చుని నింపేశాడన్నమాట. (నవ్వులు) అదే, "సగం వదిలేశాడు, పొద్దున పల్చగా వెళ్ళాడు, మళ్ళీ చూడాలి" అని గిలికినట్టు కొట్టివేతలతో ఉందంటే అక్కడ ఎవరో నిజంగా చూస్తున్నారు.

తిండి మీరే ఇచ్చి పంపండి, పూటకో ప్యాకెట్ కట్టి, రెండు మూడు రోజులది అదనంగా. కొత్తచోటు కంగారుకే కొన్నిటికి మోషన్స్ అవుతాయి, దానిమీద తిండి కూడా మారిస్తే ఇంక చెప్పక్కర్లేదు, తిండి మార్చడానికి ఇంట్లోనే వారం పదిరోజులు పడుతుంది. మొదటిరోజు ముట్టకపోయినా గాభరాపడకండి, కానీ ఎన్ని పూటలు తినకపోతే మాకు ఫోన్ చేస్తారు అని ముందే అడిగి రాయించుకోండి.

మందులు వాడే కుక్కలున్నవాళ్ళు ఇది వినండి. షుగర్ ఉన్న కుక్కకి 12 గంటలకోసారి ఇన్సులిన్ వేస్తారు, మీకు తెలుసు. సెంటర్‌లో అడగండి, "మా వాడు ఆ పూట తిండి తినకపోతే ఇన్సులిన్ ఏం చేస్తారు?" అని. "రాసిచ్చిన టైంకి ఇచ్చేస్తామండీ" అన్నారంటే అక్కడ వదలకండి, తినకుండా పూర్తి డోసు వేస్తే షుగర్ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. "ఇవ్వం, ముందు మీకో మీ డాక్టర్‌కో ఫోన్ చేస్తాం" అనాలి. ఫిట్స్‌కి ఫినోబార్బిటాల్ వాడేవాటికి ఒక పూట మర్చిపోయినా ఫిట్ రావచ్చు. అలాంటివాటికి హాస్పిటల్‌కి అనుబంధంగా ఉండే బోర్డింగ్ మేలు, పక్కన జబ్బు కుక్కలుంటాయి కాబట్టి అవెక్కడ, ఇవెక్కడ అని చూసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి మాత్రం నేను హాస్పిటల్ బోర్డింగ్ చెప్పను.

కాగితాలు త్వరగా చెప్పేస్తా. అత్యవసరం అయితే ఏ హాస్పిటల్, మీరు ఫోన్ ఎత్తకపోతే ఎవరు నిర్ణయం తీసుకుంటారు, ఎంతవరకూ ఖర్చుపెట్టొచ్చు, ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నారా, ఇవి రాసి సంతకం పెట్టండి. విమానంలో ఉండగా మీకోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు వాళ్ళు. మైక్రోచిప్ ఉంటే ఆ 15 అంకెల నంబరు మీద పాత ఫోన్ నంబరు ఉందేమో చూసుకోండి, చాలామందికి పాతదే ఉంటుంది. చిప్ జీపీఎస్ కాదు, కుక్క ఎక్కడుందో చెప్పదు, దొరికినవాళ్ళు స్కాన్ చేస్తే మీ నంబరు రావాలి, అంతే దాని పని.

ఇంక అన్నిటికన్నా ముఖ్యం, ట్రయల్. ఊరెళ్ళడానికి ఓ నెల ముందు ఒక పగలు వదలండి, తర్వాత ఒక రాత్రి వదలండి, మీరు ఊళ్ళోనే ఉండగా. తీసుకొచ్చాక పడి నిద్రపోతాడు, గొంతు కొంచెం బొంగురుపోతుంది, బాగా నీళ్ళు తాగుతాడు, అవి పర్లేదు. రెండోసారి తీసుకెళ్ళినప్పుడు గేటు దగ్గర చూడండి. ఉత్సాహంగా దూకక్కర్లేదు, నడిచి లోపలికి వెళ్తే చాలు. నాలుగు కాళ్ళూ బిగబెట్టి, తోక కడుపుకిందకి పెట్టి, మీ కాళ్ళ వెనక దాక్కుంటే నేను పైన చెప్పినవన్నీ బావున్నా సరే ఆ చోటు మీ కుక్కకి కాదు. వదిలేటప్పుడు మాత్రం కౌగిలించుకుని ఏడుస్తూ పావుగంట నిలబడకండి, పట్టీ చేతికిచ్చి వచ్చెయ్యండి, మీరు ఏడిస్తే వాడు ఇక్కడేదో ఉంది అనుకుంటాడు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: ఇంట్లోనే పెట్టుకుని చూసేవాళ్ళు ఉన్నారు కదండీ, హోమ్ బోర్డింగ్. అది సెంటర్ కన్నా నయమా?)

కొన్ని కుక్కలకి చాలా నయం. రాత్రి మనిషి ఉంటాడా అనే ప్రశ్నకి జవాబు అక్కడే ఉంటుంది కదా, ఇంట్లోనే పడుకుంటారు. కానీ ఎన్ని కుక్కల్ని ఒకేసారి పెట్టుకుంటారు, వాళ్ళ సొంత కుక్కకి టీకాలున్నాయా, చిన్నపిల్లలున్నారా, వీధి తలుపు ఎవరెవరు తీస్తారు, వాళ్ళావిడో ఆయనో ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఇవి అడగండి. ఇల్లు కదా, అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్ళు అడగరు. అడగాలి.

(సభలోంచి: రివ్యూలు చూసి వెళ్ళొచ్చా డాక్టర్ గారూ?)

ఐదు స్టార్లవి వదిలెయ్యండి, ఒకటి రెండు స్టార్లవి చదవండి, వాటికింద సెంటర్ వాళ్ళు ఏం జవాబిచ్చారో అది ఇంకా జాగ్రత్తగా చదవండి. కుక్కకి దెబ్బ తగిలింది అని ఒకరు రాస్తే, ఎలా తగిలింది, ఎన్నింటికి చూశాం, ఎప్పుడు ఫోన్ చేశాం అని రాశారా, లేకపోతే "మీ కుక్కే అలాంటిది" అని పోట్లాటకి దిగారా. దెబ్బ ఎక్కడైనా తగులుతుంది, మా క్లినిక్‌లోనూ తగులుతుంది.

(సభలోంచి: వచ్చాక ఎన్నాళ్ళు గమనించాలి?)

రెండు వారాలు. దగ్గు అంటుకున్నా బయటపడటానికి రెండు నుంచి 14 రోజులు పట్టొచ్చు కాబట్టి, వచ్చిన రోజు బావున్నాడని అనుకోకండి. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు గుర్రుమని దగ్గుతుంటే నాకు ఫోన్ చేసి రండి, నేరుగా వచ్చి వెయిటింగ్ హాల్లో అందరి మధ్యా కూర్చోకండి. కాస్త పల్చగా ఒకటి రెండు రోజులు వెళ్తే పర్లేదు. వాంతులు, రక్తం, తిండి ముట్టకపోవడం, ఈ మూడిట్లో ఏది కనపడినా ఆ రోజే రండి, తెల్లారేదాకా ఆగకండి. అలాగే అక్కడున్న కుక్కకి ఇలా అయింది అని సెంటర్‌కి కూడా చెప్పండి, మీ తర్వాత చేరేవాళ్ళ కోసం.

(సభలోంచి: మాకు రెండున్నాయండీ, అన్నాచెల్లెళ్ళు. ఒకే గదిలో పెట్టమనొచ్చా?)

పెట్టమనండి, తోడుంటే త్వరగా కుదురుకుంటాయి. కానీ తిండి మాత్రం విడివిడిగా పెట్టమని రాసివ్వండి, ఇంట్లో ఒకే గిన్నెలో తిన్నా సరే. కొత్తచోట గాభరాలో ఉన్న కుక్క గిన్నె దగ్గర ఇంట్లో ఉన్నట్టు ఉండదు, పైగా కలిపి పెడితే ఎవరు తిన్నారో ఎవరు మానేశారో షీటులో రాయడానికి వాళ్ళకీ తెలీదు. గది కొంచెం పెద్దది అడగండి, ఒకదాన్నించి ఒకటి దూరంగా పడుకోవాలనిపిస్తే చోటుండాలి. ఇంకెవరన్నా ఉన్నారా? లేరా. అయితే ఆ కిటికీ దగ్గరాయన ఒక్కసారి ఇలా రండి, మీవాడు చెవి అప్పట్నుంచీ గోక్కుంటున్నాడు, చూస్తాను.